రాజీనామా రాస్తే 60 వేలు ఇస్తామంటున్నారు, రాయాలా వద్దా?

బి_షిఫ్ట్_అనంత
అనంతపురం దగ్గర ప్లాస్టిక్ విడిభాగాలు తయారుచేసే యూనిట్లో మౌల్డింగ్ మెషిన్ ఆపరేటర్‌ని. 2014లో చేరినా. 11 ఏళ్లు నిండినాయి. పోయిన సోమవారం షిఫ్ట్ మధ్యలో 46 మందిని ఆఫీసులోకి పిలిచి ఆర్డర్లు లేవు, మీకు ఇంక పని లేదు అన్నారు. ముందే టైపు చేసిన కాగితాలు టేబుల్ మీద పెట్టినారు. 'వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను' అని ఉంది. పేరు, తారీకు మాత్రం ఖాళీ. సంతకం పెడితే అన్నీ కలిపి 60 వేలు. పెట్టకపోతే రూపాయి కూడా రాదంట. శుక్రవారం వరకే గడువు.

కడుపు మండేది ఇంకోచోట. ఇదే యజమానులు 2023లో వేరే పేరుతో ఇంకో కంపెనీ పెట్టినారు. మా గేటు నుంచి నాలుగు కిలోమీటర్లు. మా దగ్గరున్న మెషిన్లు తొమ్మిది లారీలకెక్కి అక్కడికి పోయినాయి. వాటిలో రెండింటికి బోల్టులు విప్పింది నేనే. 'అక్కడ కాంట్రాక్టర్ కింద 13 వేలకు చేరొచ్చులే' అని సూపర్‌వైజర్ చెవిలో ఊదుతున్నాడు. ఇక్కడ నా జీతం 19,400. కంపెనీలకు పన్ను తగ్గించింది ఉద్యోగాలు ఇస్తారనే కదా? మరి మాకు ఈ గతేంది? రాయాలా వద్దా చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
రాయొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

బండల_పాలిష్
ఒకవైపు మాటే విని తీర్పు చెప్పొద్దు. ఆర్డర్లు లేకపోతే ఏ యజమాని అయినా ఎన్నాళ్లు కూర్చోబెట్టి జీతం ఇస్తాడు? కంపెనీ ఏమన్నా సత్రమా? బేతంచెర్లలో మాది పాలిషింగ్ యూనిట్. టైల్స్ వచ్చి మా నల్లబండ నెత్తిన కూర్చున్నాక రెండు మెషిన్లు ఆపేసి 14 మందిని పంపించినా. పంపించేటప్పుడు నాకూ నిద్ర పట్టలేదు. ఆ కష్టం ఎవరూ రాయరు.

కొండారెడ్డి_బురుజు
ఆర్డర్లు లేకపోతే మెషిన్లు లారీ ఎక్కి యాత్రకు పోయినాయా అన్నా?

బండల_పాలిష్
అది చదవలేదు. సరే, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా.

లెక్కలాయన
కర్నూలులో ట్యాక్స్ ఆఫీసు నడుపుతున్నా. ముందు పన్ను సంగతి చెప్తా, ఎందుకంటే బి_షిఫ్ట్ తమ్ముడు చెప్పిన '2023లో కొత్త కంపెనీ' అనే మాట దగ్గరే అసలు కథ ఉంది.

2019 సెప్టెంబర్ 20న నిర్మలా సీతారామన్ గోవాలో ప్రకటించినారు. అప్పటికే ఉన్న కంపెనీలు మినహాయింపులు వదులుకుంటే పన్ను 22 శాతమే. సర్‌ఛార్జి, సెస్సు కలిపితే 25.17. అంతకుముందు పెద్ద కంపెనీలకు అసలు రేటే 30. 2019 అక్టోబర్ 1 నుంచి పుట్టిన తయారీ కంపెనీలకైతే 15 శాతమే, అన్నీ కలిపితే 17.16. ఉత్పత్తి మొదలుపెట్టడానికి గడువు మొదట 2023 మార్చి 31, తర్వాత ఇంకో ఏడాది పెంచినారు. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్లు తగ్గుతుందని అప్పుడే చెప్పినారు. ఆ రోజు షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 1,900 పాయింట్ల పైన ఎగిరింది.

ఇన్ని రాసిన చట్టంలో 'ఇంతమందికి పని ఇవ్వాలి' అనే షరతు వెతికితే దొరకదు. 'ఉన్నవాళ్లను తీయకూడదు' అనేది కూడా లేదు. యంత్రాల మీద మాత్రం షరతు ఉంది. పాత వ్యాపారాన్ని విడగొట్టి పెట్టిన కంపెనీకి 15 శాతం రేటు రాదు. వాడేసిన పాత యంత్రాలు మొత్తం విలువలో 20 శాతం దాటకూడదు. పాత మెషిన్ ఎన్ని వచ్చినాయో లెక్క చూసే చట్టం, పాత మనిషి ఏమైనాడో అడగదు.

బి_షిఫ్ట్_అనంత
అంటే ఆ తొమ్మిది మెషిన్లు పోవడం తప్పేనా? దాంతో మాకేమన్నా డబ్బు వస్తుందా?

లెక్కలాయన
నేరుగా రాదు. వాళ్లు ఏ రేటు ఎంచుకున్నారో మనకు తెలియదు, పాత మెషిన్ల విలువ ఎంతో తెలియదు. అది ఆదాయపు పన్ను శాఖ చూసుకోవాల్సింది. నీకు పనికొచ్చేది వేరే. పని పోలేదు, జాగా మారింది అనడానికి అది సాక్ష్యం. లారీల ఫోటోలు, గేట్ పాసులు ఏమైనా ఉంటే దాచుకో.

కడప_మాజీ_హెచ్ఆర్
ఆ టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్న మనిషిని నేను. నాలుగేళ్లు. ఏ కంపెనీ అని అడగొద్దు. ఆ టైపు కాగితాలు నేనే ప్రింటు తీసేదాన్ని. 'వ్యక్తిగత కారణాలు' అని ఎందుకు రాయిస్తారంటే, కంపెనీ తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. నోటీసు ఇవ్వాలి, పరిహారం కట్టాలి, ప్రభుత్వానికి తెలపాలి. మనిషి తనంతట తను పోతే ఇవేవీ ఉండవు.

శుక్రవారం గడువు అనేది ఉత్తదే. మాకు పైనుంచి చెప్పేవాళ్లు, 'మొదటి మూడు రోజుల్లో సగం మంది సంతకాలు రావాలి, మిగతావాళ్లు వాళ్లను చూసి పెడతారు' అని. నాలుగో రోజుకి కూడా పెట్టనివాళ్లకు మొత్తం పెంచేవాళ్లం. ఒకసారి 50 వేల నుంచి లక్షా పదికి పోయింది. మొదటి రోజే పెట్టిన ఆయన ఆ తర్వాత రోజూ గేటు దగ్గరికొచ్చి నా మొహం చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. అందుకే ఆ పని మానేసినా.

ఉగ్గాని_బజ్జి
అక్కా, ఇది రాయడానికి ధైర్యం కావాల.

యూనియన్_పాతకాపు
ఎర్రగుంట్ల సిమెంటు వైపు 30 ఏళ్లు పనిచేసి రిటైరైనా. లెక్క వేసి చూపిస్తా, అప్పుడు 60 వేలు ఎంత దయగల మాటో తెలుస్తుంది.

పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారం. 19,400లో సగం 9,700. 11 ఏళ్లకు 1,06,700. ఒక నెల ముందు నోటీసు, లేదా ఆ నెల జీతం 19,400. రెండూ కలిపి 1,26,100. ఇక గ్రాట్యుటీ, అంటే పని వదిలి పోయేటప్పుడు చేసిన ఏళ్ల లెక్కన కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు. నీ బేసిక్, డీఏ కలిపి ఎంత?

బి_షిఫ్ట్_అనంత
11 వేలు.

యూనియన్_పాతకాపు
11 వేలను 26తో భాగించి 15తో హెచ్చించి మళ్లీ 11 ఏళ్లతో హెచ్చిస్తే దగ్గర దగ్గర 69,800. ఐదేళ్లు దాటినవాడు రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇచ్చి తీరాల్సిందే. అంటే నువ్వు సంతకం పెట్టి మర్యాదగా పోయినా వాళ్లు నీకు 69,800 బాకీ. వాళ్లు 'అన్నీ కలిపి' ఇస్తామన్నది 60 వేలు. నీ డబ్బులోంచే తొమ్మిది వేల ఎనిమిది వందలు కోసుకుని, మిగిలింది నీకే దానం చేస్తున్నారు నాయనా.

పీఎఫ్ ఇందులో కలవదు, అది ఎటూ నీదే. వాడుకోని సెలవుల డబ్బు, బోనసు వేరే.

బి_షిఫ్ట్_అనంత
చేతులు వణుకుతున్నాయి. ఇది ఇప్పుడే మా గ్రూపులో పెడుతున్నా.

గుంతకల్లు_జంక్షన్
అందుకే మా నాయన చిన్నప్పటి నుంచి రైల్వే, రైల్వే అని తన్నేది.

ఆదోని_పత్తి
మీకు లెక్క వేసుకోవడానికి పేస్లిప్ అన్నా ఉంది. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో మా అమ్మ 20 సీజన్లు పనిచేసింది. ఒక్క కాగితం ముక్క లేదు. మిల్లు మూతపడిన రోజు మేస్త్రి వచ్చి 'రేపటి నుంచి రావద్దు' అన్నాడు, అంతే. తర్వాతి ఏడు ఇంటికి తాళం వేసి గుంటూరు మిరపకోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయినాం. కోసిగి, మంత్రాలయం వైపు ఇప్పటికీ ఊర్లకు ఊర్లు అట్లే పోతాయి. వాళ్లను ఎవరు తీసేసినట్టు? ఏ లెక్కలో వస్తారు?

లెక్కలాయన
ఏ లెక్కలోకీ రారు. నిజం అదే.

పెన్నా_గట్టు
నేను వేరే మాట అంటా, తిట్టుకోండి. పన్ను తగ్గించకపోతే ఆ కంపెనీలు రానే రావు. వియత్నాంలో 20 శాతం. మనం 30 అని కూర్చుంటే ఎవరొస్తారు? ఎర్రమంచి దగ్గర కియా రాకముందు పెనుకొండ ఎట్లుండేది, ఇప్పుడెట్లుంది? 2017లో ఒప్పందం, 2019లో కారు బయటికొచ్చింది. అద్దె ఇళ్లు, మెస్‌లు, డ్రైవర్లు, ఎంతమంది బతుకుతున్నారు!

కొండారెడ్డి_బురుజు
నీ లెక్కలోనే జవాబు ఉంది. ఒప్పందం 2017. పన్ను తగ్గింది 2019 సెప్టెంబర్లో. కారు అంతకుముందు నెలే మార్కెట్లోకి వచ్చింది. పన్ను చూసి వచ్చిన కంపెనీ కాదది. భూమి, నీళ్లు, చెన్నై రేవు, బెంగళూరు దగ్గర కావడం, రాష్ట్రం ఇచ్చిన రాయితీలు, వీటి కోసం వచ్చింది.

పెన్నా_గట్టు
రాయితీ అంటే కూడా పన్ను వదులుకోవడమే కదా సామీ. పేరు మారింది అంతే. ఇంకోటి, 2019లో తగ్గించినారు, ఆర్నెల్లకే కరోనా వచ్చింది. ఏది దేని వల్ల జరిగిందో తేల్చడం కష్టం. కంపెనీల నుంచి వచ్చే పన్ను కూడా 2020-21లో పడిపోయి తర్వాత బాగానే పెరిగింది.

లెక్కలాయన
కరోనా మాట ఒప్పుకుంటా. కానీ 2022-23 నుంచి జీతగాళ్లు, చిన్న వ్యాపారులు కట్టే ఆదాయపు పన్ను కంపెనీలు కట్టే పన్నును దాటేసింది. ఇంకోటి, 2024-25 ఆర్థిక సర్వే చూడు. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం అని రాసినారు. రాసింది కమ్యూనిస్టులు కాదు, కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సలహాదారు ఆఫీసు.

బండల_పాలిష్
నాకు ఒక సందేహం. ఈ 22, 15 శాతాలు నాకెందుకు రావట్లేదు?

లెక్కలాయన
నీది పార్ట్‌నర్‌షిప్ సంస్థ కాబట్టి. అవి కంపెనీలకే. సంస్థకు ఇప్పటికీ 30.

బండల_పాలిష్
అంటే వందల కోట్ల లాభం వచ్చేవాడు 22 కట్టి, బండలు కోసుకునే నేను 30 కట్టాలా? ఇంతసేపూ నేను వాళ్ల తరఫున ఎందుకు కొట్లాడుతున్నట్టు?

ఉగ్గాని_బజ్జి
😂😂 అన్నకు జ్ఞానోదయం అయింది, బజ్జీలు నా లెక్కలో రాయండి.

యూనియన్_పాతకాపు
బండల అన్నా, నువ్వు తీసేసిన 14 మందికి ఏమిచ్చినావు? ఏడాదికి 15 రోజుల లెక్క చిన్న యూనిట్లకూ ఉంది. పదిమంది ఉంటే చాలు, గ్రాట్యుటీ కూడా.

బండల_పాలిష్
తలా 20 వేలు ఇచ్చినా. దాంట్లో కొంత చీటీ ఎత్తి ఇచ్చిన డబ్బు. చట్టం నిజంగా తెలియదు. తెలిసి ఉంటే ఇచ్చేవాడినా అంటే, మొత్తం ఇవ్వగలిగేవాడిని కాదు. ఇద్దరు మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉన్నారు, మళ్లీ పిలిచినా.

యూనియన్_పాతకాపు
అది మంచి పని. మళ్లీ మనుషులను తీసుకునేటప్పుడు తీసేసినవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. తీసేటప్పుడు చివర చేరినవాడిని ముందు తీయాలి. బి_షిఫ్ట్, ఆ 46 మందిలో పాతవాళ్లు ఎక్కువా కొత్తవాళ్లు ఎక్కువా?

బి_షిఫ్ట్_అనంత
అందరూ పదేళ్లు దాటినవాళ్లే. రెండు మూడేళ్ల పిల్లలను ముట్టుకోలేదు.

యూనియన్_పాతకాపు
చూసినారా. జీతం ఎక్కువున్న తలలే ఏరినారు. ఇది రాసి పెట్టుకో, పిటిషన్లో మొదటి పేరా ఇదే.

డల్లాస్_తాడిపత్రి
ఇక్కడ అమెరికాలో 2017 చివర్లో 35 నుంచి 21కి తగ్గించినారు. కొన్ని కంపెనీలు ఉద్యోగులకు వెయ్యి డాలర్ల బోనస్ అని టముకు వేసినాయి. చాలా డబ్బు సొంత షేర్లు తిరిగి కొనుక్కోవడానికి పోయింది. నన్ను తీసేసిన రోజు పొద్దున లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ పనిచేయలేదు, అదే కబురు. తీసేసినందుకు పరిహారం ఇవ్వాలని ఇక్కడ దేశం మొత్తానికీ వర్తించే చట్టం లేదు. వంద మంది పైన ఉన్న కంపెనీ పెద్ద సంఖ్యలో తీసేస్తే 60 రోజుల ముందు చెప్పాలి, అంతే. వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో పని వెతుక్కోవడానికీ 60 రోజులే. తాడిపత్రిలో మా బావ గ్రానైట్ ఫ్యాక్టరీలో చేస్తాడు, కాగితం మీద నాకంటే ఆయనకే హక్కులు ఎక్కువ.

ఆదోని_పత్తి
కాగితం మీద.

సుబ్బు_ప్రొద్దుటూరు
కడప ఉక్కు ఫ్యాక్టరీ వచ్చుంటే ఇవన్నీ ఉండేవి కాదు.

కొండారెడ్డి_బురుజు
వస్తుంది వస్తుంది. 2007లో ఒక శంకుస్థాపన రాయి, 2018లో ఒక రాయి, 2019లో ఒక రాయి, 2023లో ఇంకో రాయి. ఆ రాళ్లను బండల అన్న చేత పాలిష్ పట్టించి పేర్చితే ప్రహరీ గోడ అయినా అయ్యేది.

బండల_పాలిష్
అడ్వాన్స్ ఇస్తే రేపే మొదలుపెడతా.

చెరువు_కింది_చేను
నవ్వుకోండి గానీ, భూమి సంగతి ఎవరూ ఎత్తలేదు. కంపెనీ కూలీకి ఏం బాకీ ఉందని అడుగుతున్నారు. ఫ్యాక్టరీ కింద పోయిన చేనుకు ఏం బాకీ? మా నాన్న మూడు ఎకరాల శనక్కాయ చేను పారిశ్రామికవాడకు ఇచ్చినాడు. ఇంటికొక ఉద్యోగం అన్నారు. నాకు ఉద్యోగం వచ్చింది, అదే చేనులో కట్టిన గేటు దగ్గర సెక్యూరిటీ, అదీ ఏజెన్సీ కింద. స్థానికులకు 75 శాతం అని 2019లో రాష్ట్రం చట్టం చేసింది కదా, ఆ లెక్క అడిగితే నాలాంటివాళ్లను చూపిస్తారేమో. రాత్రి డ్యూటీలో ఆ గోడ పక్కన నడుస్తుంటే బావి ఎక్కడుండేదో కాలికి తెలుస్తుంది.

పెన్నా_గట్టు
దీనికి నా దగ్గర జవాబు లేదు.

లెక్కలాయన
పాతకాపు అన్న చెప్పినదానికి ఒక చేర్పు. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చినాయి. ఏడాదికి 15 రోజుల పరిహారం, నెల నోటీసు అందులోనూ ఉన్నాయి. మారింది ఏమంటే, కేంద్ర చట్టంలో 100 మంది పైన ఉన్న ఫ్యాక్టరీ మనుషులను తీయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని ఉండేది, ఆ హద్దును 300 చేసినారు. మీ యూనిట్లో ఎంతమంది?

బి_షిఫ్ట్_అనంత
160.

లెక్కలాయన
అయితే అనుమతి అక్కర్లేదు. ఆ ఒక్క దారీ మూసుకున్నట్టే. దానికి బదులు రెండు వచ్చినాయి. తీసేసిన మనిషికి మళ్లీ పని నేర్చుకునే నిధి కింద 15 రోజుల జీతం, 45 రోజుల్లోపు ఖాతాలో పడాలి. రావాల్సిన జీతం బాకీలు రెండు పనిదినాల్లో తేల్చాలి. కాగితం మీద అని ఆదోని అన్న అనకముందే నేనే అంటున్నా.

కడప_మాజీ_హెచ్ఆర్
జీతంలో ఈఎస్ఐ (కార్మికుల బీమా) కటింగ్ ఉందా తమ్ముడూ? 21 వేల లోపు జీతమే కాబట్టి ఉండే ఉంటుంది. పని పోయినవాళ్లకు 90 రోజుల వరకు సగటు జీతంలో సగం ఇచ్చే అటల్ బీమిత్ పథకం ఉంది. గడువు ఎప్పటికప్పుడు పెంచుతూ వచ్చినారు, ఆఫీసులో కనుక్కో. తనంతట తను మానేసినవాడికి మాత్రం కష్టం. ఆ టైపు కాగితం మీద సంతకం పెట్టకపోవడానికి ఇది ఇంకో కారణం.

ఉగ్గాని_బజ్జి
మరి పెట్టేసినవాళ్లు?

కడప_మాజీ_హెచ్ఆర్
బెదిరించి రాయించుకున్నారని వెంటనే కంపెనీకి, లేబర్ ఆఫీసుకు రాయాలి. 46 కాగితాల్లోనూ ఒకే వాక్యం, ఒకే తారీకు, ఒకే ప్రింటరు. 46 మందికి ఒకే రోజు వ్యక్తిగత కారణాలు వచ్చినాయంటే ఏ అధికారికైనా అనుమానం రావాల. ఆలస్యం చేస్తే మాత్రం 'ఇష్టపడే ఇచ్చినాడు' అంటారు. రిజిస్టర్ పోస్టులో పంపండి.

గుంతకల్లు_జంక్షన్
రిజిస్టర్ పోస్టు ఇప్పుడు లేదక్కా, 2025 సెప్టెంబర్ నుంచి స్పీడ్ పోస్టులో కలిపేసినారు. రసీదు జాగ్రత్త చేసుకుంటే చాలు.

యూనియన్_పాతకాపు
లేబర్ ఆఫీసులో రాజీ కుదరకపోతే 45 రోజుల తర్వాత నేరుగా కోర్టు మెట్లెక్కొచ్చు. నేను అబద్ధం చెప్పను, అది ఏళ్లు పడుతుంది. మా దాంట్లో ఒకాయన కేసు గెలిచేసరికి ఆయన కొడుకు రిటైర్మెంటుకు దగ్గరపడినాడు. అందుకే రాజీ దశలోనే గట్టిగా ఉండాల. పదిమంది ఒకేసారి పోతే అధికారి కుర్చీ చూపిస్తాడు, ఒక్కడే పోతే బెంచీ.

పెన్నా_గట్టు
పన్ను తగ్గింపు మంచిదే అని ఇప్పటికీ అంటా. కానీ తగ్గించినదాంట్లో కొంత, మనిషిని తీసేసే కంపెనీ దగ్గర తిరిగి వసూలు చేసే షరతు పెట్టుంటే ఏం పోయేది?

కొండారెడ్డి_బురుజు
ఇదేదో మొదటి పోస్టులోనే ఒప్పుకునుంటే ఇంత చర్చ ఉండేది కాదు.

పెన్నా_గట్టు
మొదటి పోస్టు నాది కాదు బురుజన్నా, పైకి పోయి చూడు.

బి_షిఫ్ట్_అనంత
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. శుక్రవారం లోపల 46లో 29 మంది సంతకం పెట్టేసినారు. మా లైన్లో పక్క మెషిన్ మీద చేసే మామ కూడా పెట్టినాడు, కూతురి పెళ్లి మాఘంలో ఉంది, తప్పు పట్టలేను. మేం 17 మంది పెట్టలేదు. శనివారం హెచ్‌ఆర్ ఫోన్ చేసి '95 వేలు' అన్నాడు. మాజీ_హెచ్ఆర్ అక్క చెప్పింది అక్షరాలా జరిగింది. మీరు చెప్పిన లెక్క కాగితం మీద రాసుకుని పోయి చూపిస్తే, 'ఇది ఎవరు వేసిచ్చినారు?' అని అడిగినాడు. ఎందుకు ఇవ్వరో చెప్పలేదు.

సంతకం పెట్టినవాళ్లలో ఏడుగురు స్పీడ్ పోస్టులో ఉత్తరాలు పంపినారు. మామ ఇంకా ఆలోచిస్తున్నాడు. బుధవారం పదకొండుకు లేబర్ ఆఫీసులో రమ్మన్నారు.

యూనియన్_పాతకాపు
నేను ఎర్రగుంట్ల నుంచి పొద్దున బండికి వస్తా. ముందు క్లాక్ టవర్ దగ్గర కలుద్దాం, పదికి. నియామకం ఉత్తరం, ఐడీ కార్డు, చివరి మూడు నెలల పేస్లిప్పులు, ఈఎస్ఐ కార్డు, అన్నీ మూడేసి జిరాక్సులు. ఒరిజినల్ ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.

బి_షిఫ్ట్_అనంత
నియామకం ఉత్తరం నలుగురికి లేదన్నా.

యూనియన్_పాతకాపు
పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్లో తీయించు. చేరిన తారీకు అందులో ఉంటుంది.

ఉగ్గాని_బజ్జి
క్లాక్ టవర్ దగ్గర టిఫిన్ బాధ్యత నాది. 17 మందా, 24 మందా చెప్పండి.

బి_షిఫ్ట్_అనంత
25 అనుకో అన్నా. మామ ఇప్పుడే ఫోన్ చేసినాడు.